నీకేమి కావాలని అడిగామా?

కిందటి సంవత్సరం వర్షాకాలంలో ఒక శనివారం సాయంకాలం, మరునాటి ప్రసంగానికి సిద్ధపడుతూ ఉండగా మా సంఘంలోని యవ్వనస్థుడొకడు ఇంటికి వచ్చాడు. ఇంజనీరింగ్ మూడవ సంవత్సరం చదువుతున్నాడు. చేతిలో చెప్పుల డబ్బా ఒకటి ఉంది. "అయ్యగారండీ, వచ్చే వారం మా కాలేజీలో పోటీ ఉందండి. దీని మీద ఒక్కసారి చెయ్యిపెట్టి ప్రార్థన చెయ్యండి" అన్నాడు. డబ్బా తెరిచి చూస్తే మోటారు సైకిలు నడిపేవారు వేసుకునే చేతితొడుగు, దాని నిండా తీగలు. ఇంటికి తెచ్చిన కొత్త వాహనాల మీద ప్రార్థించాను గాని, చేతితొడుగు మీద ప్రార్థించమని అడిగినవారు అంతవరకు లేరు.

అదేమిటో ముందు చెప్పమన్నాను. చెప్పడం మాని నా చేతికే తొడిగాడు. నాలుగు వేళ్ళు ముడిచి బొటనవేలు చాపమన్నాడు. బల్ల మీదున్న అతని ఫోను, "నాకు నీళ్ళు కావాలి" అని ఆడగొంతుతో పలికింది. అరచేయి తెరిస్తే "నమస్కారం" అంది. మా పిల్లలిద్దరూ పుస్తకాలు వదిలి వచ్చి వంతులు వేసుకొని తొడుక్కున్నారు. నిజం చెప్పాలంటే నాకూ ముచ్చటేసింది.

"చెవులు వినపడక, మాటలు రానివారి కోసమండి. వాళ్ళు సైగ చేస్తే ఫోను మాట్లాడుతుంది" అన్నాడు.

మన సంఘంలో వినికిడి లేని సహోదరి ఉన్నారు కదా, ఆమెకు చూపించావా అని అడిగాను. తల గోక్కున్నాడు. "లేదండి. మొత్తం అయ్యాక చూపిద్దామని..."

మందలించబోయి ఆగిపోయాను. నేను ఈ సంఘానికి కాపరిగా వచ్చి అప్పటికి ఆరు సంవత్సరాలు. ఆ సహోదరి అంతకు ముందునుంచీ సభ్యురాలు. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆమెకు ప్రభువు బల్ల అందించాను. వారి ఇంటికి వెళ్ళి ప్రార్థించాను. కాని ఆరాధనలో నీకేమి అర్థమవుతోంది, నీకేమి కావాలి అని ఒక్కనాడు కూడా అడిగినవాణ్ణి కాను. తొడుగు మీద ప్రార్థన ఆ రాత్రి చేయలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ముగ్గురం కలిసి ఆమె ఇంటికి వెళదామని చెప్పి పంపించాను.

పోటీలలో మెరిసిన తొడుగులు

అతడు వెళ్ళిన తరువాత ఈ సంగతి కొంత చదివాను. అది పాఠకులతో పంచుకోవడం మంచిదనుకుంటున్నాను. ఎందుకంటే మన పిల్లలలో చాలామంది ఈ చదువులే చదువుతున్నారు.

మనిషి యంత్రంతో పని చేయించుకోవడానికి మధ్యలో ఏదో ఒకటి ఉండాలి. బ్యాంకు ఏటీఎంలో మీటలు, ఫోనులో వేలితో తాకే బొమ్మలు, కంప్యూటరు తెర, మౌసు, ఇవన్నీ అటువంటివే. దీనిని ఆ విద్యలో యూజర్ ఇంటర్‌ఫేస్ అంటారు. ఇంటికి గడప ఎలాంటిదో యంత్రానికి ఇది అలాంటిది. లోపల ఎంత గొప్ప భవనమున్నా, గడప మోకాలెత్తు ఉంటే ముసలమ్మ బయటే నిలబడిపోతుంది. కొత్త రకం గడపలు కట్టేవారిని ప్రోత్సహించడానికి విద్యార్థులకు పోటీలు పెడతారు. అందులో పేరు పొందినది మైక్రోసాఫ్టు కంపెనీవారు 2003 నుంచి నడుపుతున్న ఇమాజిన్ కప్. 2006లో దాని చివరి పోటీలు మన దేశంలోనే, ఢిల్లీ, ఆగ్రాలలో జరిగాయి. కొన్ని సంవత్సరాలు ఇంటర్‌ఫేస్ రూపకల్పనకు అందులో ప్రత్యేక విభాగం కూడా ఉండేది.

2012 జూలైలో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఆ పోటీ జరిగినప్పుడు సాఫ్ట్‌వేర్ రూపకల్పనలో మొదటి బహుమతి, 25,000 డాలర్లు, ఉక్రెయిన్ విద్యార్థుల జట్టుకు దక్కింది. వారు చేసినది కూడా చేతితొడుగే. పేరు ఎనేబుల్‌టాక్. వేళ్ళ వెంబడి సన్నని పట్టీలు ఉంటాయి. వేలు వంగితే పట్టీ వంగుతుంది, పట్టీ వంగితే దానిలో ప్రవహించే విద్యుత్తుకు నిరోధం మారుతుంది. చేయి ఎటు తిరిగింది, ఎంత వేగంగా కదిలింది అనేది కొలిచే చిన్న పరికరాలు వేరే ఉంటాయి. ఈ అంకెలన్నీ బ్లూటూత్ ద్వారా ఫోనుకు చేరతాయి. ముందుగా దాచుకున్న సైగలతో ఫోను వాటిని పోల్చి, సరిపోయిన మాటను పైకి పలుకుతుంది. బ్యాటరీకి తోడు చిన్న సౌరఫలకాలు కూడా అమర్చారు. నమూనాకు వారికైన ఖర్చు సుమారు 75 డాలర్లు మాత్రమే. టైమ్ పత్రిక ఆ ఏడాది మేలైన ఆవిష్కరణలలో దీనిని ఒకటిగా ఎంచింది.

ఇది మొదటిది కాదు. 2001లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ర్యాన్ ప్యాటర్సన్ అనే హైస్కూలు విద్యార్థి, గోల్ఫ్ ఆటగాళ్ళు వేసుకునే తోలు తొడుగుతో ఇటువంటిదే చేశాడు. వేళ్ళతో చూపే ఇంగ్లీషు అక్షరాలను అది చిన్న తెర మీద చూపించేది. అతనికి సీమెన్స్ వెస్టింగ్‌హౌస్ పోటీలో ప్రథమ బహుమతి వచ్చింది. చివరిదీ కాదు. 2016లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రెండవ సంవత్సరం చదివే ఇద్దరు విద్యార్థులు సైన్‌అలౌడ్ అనే తొడుగుల జత చేసి, లెమెల్సన్ ఎమ్.ఐ.టి. వారి 10,000 డాలర్ల బహుమతి పొందారు.

మూడు పోటీలు, మూడు తొడుగులు, మూడింటికీ చప్పట్లు. అయినా వినికిడి లేనివారు ఇటువంటి తొడుగు వేసుకొని బజారుకు వెళ్ళడం మనలో ఎవరైనా చూశామా? ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పినది ఈ ప్రశ్నే.

జవాబు ఆ 2016 బహుమతి వెంటనే వచ్చింది. అదే విశ్వవిద్యాలయంలో సైగల భాష బోధించేవారు, భాషాశాస్త్రవేత్త ఒకరు కలిసి ఆరు పుటల బహిరంగ లేఖ రాశారు. రాసినవారిలో స్వయంగా వినికిడి లేనివారున్నారు. సైగల భాష చేతులలో మాత్రమే ఉండదని వారు వివరించారు. ఉదాహరణకు అమెరికా సైగల భాషలో అవునా కాదా అని అడిగే ప్రశ్నకు కనుబొమ్మలు పైకి లేస్తాయి. ఏమిటి, ఎక్కడ అని అడిగితే ముడిపడతాయి. కాదు అనడానికి తల ఊగుతుంది. మనుషుల గురించి చెబుతూ ఒకరిని కుడివైపు గాలిలో నిలిపి, ఇంకొకరిని ఎడమవైపు నిలిపి, అటూ ఇటూ చూపిస్తూ మాట్లాడతారు. తొడుగుకు కనుబొమ్మ ఎక్కడిది? అంటే నువ్వు వస్తావు అన్నదీ, నువ్వు వస్తావా అన్నదీ దానికి ఒకటే.

అంతకన్నా సూటిగా ఇంకొక మాట అడిగారు. తొడుగు ఎవరి అవసరం తీరుస్తోంది? సైగల భాష నేర్చుకోని, వినగలిగిన మనిషి అవసరమే కదా. మరి దానిని మోయవలసిన బరువు వినికిడి లేనివారి మీద ఎందుకు?

ఆ పిల్లలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పాపం, వారి మనసు మంచిదే. ఉక్రెయిన్ విద్యార్థులైతే తమ చదువుల చోట వినికిడి లేని క్రీడాకారులతో కలిసి మెలిగినందువల్లనే ఈ ఆలోచన వచ్చిందని చెప్పుకున్నారు. అయితే పోటీ తీరులోనే ఒక చిక్కు ఉంది. కొద్ది నిమిషాలలో వేదిక మీద చూపించాలి. చూసేవారు చెవులున్న న్యాయనిర్ణేతలు. తొడుగు పలికితే వారి చెవికి వినిపిస్తుంది, వారికి ఆశ్చర్యం కలుగుతుంది, బహుమానం వస్తుంది. ఎవరి కోసం చేశామంటున్నారో వారికి ఆ పలుకు వినబడనే వినబడదు. ఆ శనివారం రాత్రి నేనూ అటువంటి న్యాయనిర్ణేతనే.

ఆదివారం మధ్యాహ్నం

ఆ సహోదరి బట్టలు కుట్టి కుటుంబాన్ని పోషిస్తారు. ఇంటి ముందుగదిలోనే కుట్టు మిషను. తొమ్మిదవ తరగతి చదివే కుమారుడు వినగలడు. తల్లికి లోకానికీ మధ్య చిన్నప్పటినుంచి వాడే మధ్యవర్తి. వాడు తినే అన్నం పక్కన పెట్టి వచ్చి మా మధ్య కూర్చున్నాడు.

తొడుగు చేతికివ్వగానే ఆమె వేసుకోలేదు. లోపలిది బయటికి తిప్పి కుట్టు చూశారు. తీగలను పట్టి ఉంచిన దారం పనిని చూసి నవ్వు ఆపుకోలేకపోయారు. "అమ్మ, ఎవరు కుట్టారని అడుగుతోందండి" అన్నాడు కుమారుడు. నేనేనండి ఆంటీ అని మావాడు సిగ్గుపడ్డాడు. తరువాత తొడుక్కొని తనకు తెలిసినట్టు నీళ్ళు అన్న సైగ చేశారు. ఫోను పలకలేదు. మరోసారి చేశారు. ఫోను "నమస్కారం" అంది. మావాడు ఇంటర్నెట్‌లో దొరికిన పట్టిక చూసి సైగలు ఎక్కించాడు. అది అమెరికా పట్టిక. సైగల భాష లోకమంతటా ఒక్కటే అనుకున్నాడు. నేనూ అంతే అనుకున్నాను. అమెరికాలో ఇంగ్లీషు అక్షరాలను ఒక చేతితో చూపిస్తే, మన దేశంలో రెండు చేతులతో చూపిస్తారట. భారతీయ సైగల భాషకు ఢిల్లీలో 2015లోనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. 2018లో 3,000 మాటలతో మొదలైన వారి నిఘంటువు 2021 నాటికి 10,000 మాటలకు పెరిగింది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వినికిడి లోపమున్నవారు 50 లక్షలకు పైనే. ఇంత సంగతి నలభై దాటిన నాకు ఒక కుట్టు మిషను పక్కన కూర్చున్నాక తెలిసింది.

ఆమె తొడుగు విప్పి బల్ల మీద పెట్టి ఇంకో ప్రశ్న వేశారు. కుమారుడు దానిని రెండుసార్లు చెప్పవలసి వచ్చింది, మాకు మొదట అర్థం కాలేదు. "కొట్టువాడితో ఈ ఫోను ఏం చెప్పిందో నాకెలా తెలుస్తుంది? తప్పు చెబితే? వాడు తిరిగి ఏమన్నాడో నాకెవరు చెబుతారు?"

మావాడు నోరు మెదపలేదు.

యెరికో దారిలో

మార్కు సువార్త పదవ అధ్యాయంలోని బర్తిమయి వృత్తాంతం మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. దారి పక్కన కూర్చుని అడుక్కొనే గుడ్డివాడు. అందరూ ఊరుకొమ్మంటున్నా కేకలు వేస్తున్నాడు. ప్రభువు నిలిచి అతన్ని పిలిపించి, తాను అతనికి ఏమి చేయాలని కోరుతున్నాడో చెప్పమని అడిగాడు. గుడ్డివానికి ఏమి కావాలో కళ్ళున్న ఎవరికైనా తెలుసు. ఆయనకు తెలియదా? అయినా అడిగాడు. అతని నోట వినేవరకు ఆగాడు. నేను ఈ భాగంలో ఎప్పుడూ బర్తిమయి విశ్వాసం మీదనే ప్రసంగించేవాణ్ణి. ఆ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషమైనా ఆగిన గుర్తు లేదు.

అదే సువార్త ఏడవ అధ్యాయంలో దెకపొలి ప్రాంతంలో వినికిడి లేక నత్తిగా మాట్లాడే మనిషి కనిపిస్తాడు. ప్రభువు అతన్ని గుంపులోనుంచి పక్కకు తీసుకుపోయాడు. చెవులలో వేళ్ళు పెట్టాడు, నాలుక ముట్టాడు, ఆకాశం వైపు కళ్ళెత్తి నిట్టూర్పు విడిచాడు. ఆ వరుస ఒకసారి వినికిడి లేని మనిషి కంటితో చదవండి. స్వస్థత జరుగకముందే, ఏమి జరుగబోతోందో అతనికి చూపుతో, స్పర్శతో తెలిసిపోతోంది.

సేవకులమైన మనకు ఈ విషయంలో గర్వపడే చరిత్రా ఉంది, తలదించుకొనే చరిత్రా ఉంది. 1760 ప్రాంతంలో పారిస్‌లో ఎపే అనే ఫాదరు, వినికిడి లేని ఇద్దరు అక్కచెల్లెళ్ళ వల్ల ఈ పనిలోకి వచ్చి, అటువంటివారి సైగలను తాను నేర్చుకొని వారికి బడి పెట్టాడు. అమెరికాలో గాలొడెట్ అనే దైవసేవకుడు 1816లో ఆ పారిస్ బడినుంచి లొరాన్ క్లెర్క్ అనే వినికిడి లేని ఉపాధ్యాయుణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళి, మరుసటి సంవత్సరం హార్ట్‌ఫర్డ్‌లో బడి తెరిచాడు. కాని 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిరుల విద్య గురించి మహాసభ జరిగితే, బడులలో సైగలు మానిపించి నోటిమాటే నేర్పాలని తీర్మానించారు. ఆ సభకు అధ్యక్షుడు కూడా ఒక ఫాదరే. ఓటు వేసినవారు దాదాపు అందరూ వినేవారే. పిల్లల చేతులు దాదాపు నూరేళ్ళు కట్టుబడిపోయాయి. ఆ తీర్మానానికి విచారం తెలుపుతూ ప్రకటన వచ్చింది 2010లో, కెనడాలోని వాంకూవర్‌లో.

అడగడం ఒక దారి. ఇంకో దారి, అవసరమున్నవారి చేతికే పని అప్పగించడం. లూయీ బ్రెయిల్‌కు మూడేళ్ళ వయసులో తండ్రి గుర్రపు జీనులు కుట్టే పనిముట్టు గుచ్చుకొని చూపు పోయింది. పారిస్‌లో అంధుల బడిలో చదువుతుండగా బార్బియే అనే మాజీ సైనికాధికారి చుక్కల రాత పట్టుకొచ్చాడు. ఒక్కో గుర్తుకు 12 చుక్కల వరకు ఉండేవి. కళ్ళున్న మనిషి చేసినది గనుక, వేలికొన కిందికి అన్ని చుక్కలు ఒకేసారి రావని అతనికి తట్టలేదు. వాటిని ఆరుకు తగ్గించి కొత్త లిపిని కట్టింది ఆ బడి పిల్లవాడే. అది 1824, అతనికి 15 ఏళ్ళు. తెలుగు బ్రెయిలు కూడా ఆ ఆరు చుక్కల మీదే నడుస్తోంది.

ఆమె అడిగినవి

ఇక మా సంగతి. మీకేమి కావాలమ్మా అని ఆ మధ్యాహ్నం అడిగాను. కుమారుడు సైగ చేశాడు. ఆమె చాలాసేపు ఏమీ చెప్పలేదు. ఎవరూ అడగనందువల్ల ఆలోచించుకోలేదన్నారు. తరువాత మొదలుపెట్టి ఆపలేదు.

పులిపీఠం వెనుక కిటికీ ఉంది. ఉదయపు ఎండ దానిలోనుంచి వచ్చి నా ముఖం నల్లగా కనిపిస్తుంది, పెదవులు కనబడవు. మైకు నోటికి అడ్డం పెట్టుకుంటాను. వాక్యభాగం ఏదో చెప్పి గబగబా చదివేస్తాను, ఆమె వెదికి తీసేసరికి అయిపోతుంది. గృహప్రార్థన వాయిదా పడిందని ప్రకటనలో నోటితో చెప్పి ఊరుకున్నందువల్ల, ఆమె రెండుసార్లు తాళం వేసిన ఇంటికి వెళ్ళి తిరిగి వచ్చారు. యవ్వనస్థులు ఎంతో శ్రమపడి పాటలను తెర మీద వేస్తున్నారు కదా అని నా భార్య అంటే, అక్షరాలు చదవగలను గాని పుస్తకభాష తొందరగా అర్థం కాదు, సైగలతో పెరిగినదానికి తెలుగు రాత రెండవ భాష వంటిది అన్నారు. మేమేమో తెర పెట్టి ఆమె సమస్య తీర్చేశామనుకున్నాము.

చివరికి ఒక మాట చెప్పారు. అది చెప్పేటప్పుడు కుమారుడు తల వంచుకున్నాడు. "గుళ్ళో అందరూ ఒక్కసారి నవ్వుతారు. ఎందుకని వీణ్ణి అడిగితే తరువాత చెబుతానంటాడు. తరువాత చెప్పడు."

మావాడు తన వంతుగా అడిగాడు, ఇంట్లో ఏమి ఇబ్బంది ఆంటీ అని. కొడుకు బడికి వెళ్ళినప్పుడు బట్టలు తెచ్చినవారు తలుపు తట్టి తట్టి వెళ్ళిపోతున్నారని, పండుగల ముందు బేరాలు పోతున్నాయని చెప్పారు. అతడు తొడుగులోని తీగలు కొన్ని పీకి, తలుపు పక్కన మీట ఒకటి, కుట్టు మిషను ముందు బల్బు ఒకటి అమర్చాడు. ఒక్క పూట పని. వచ్చినవారు నొక్కితే బల్బు మూడుసార్లు వెలిగి ఆరుతుంది. ఇటువంటివి లోకంలో ఎప్పటినుంచో ఉన్నాయి; కొత్తదనానికి ఏ పోటీలోనూ మార్కులు పడవు. మిగిలిన తొడుగుతో కాలేజీ పోటీకి వెళ్ళాడు. ఆమె అడిగిన ప్రశ్నలను కూడా న్యాయనిర్ణేతల ముందు దాచకుండా చెప్పాడట. బహుమతి వేరే జట్టుకు వచ్చింది. అతడు పెద్దగా బాధపడలేదు గాని వాళ్ళ అమ్మగారు నా మీద కొంచెం కినుకగానే ఉన్నారు.

కిటికీకి మందపు తెర కట్టించాము. వాక్యభాగాలు, ప్రకటనలు నల్లబల్ల మీద ముందే రాసి పెడుతున్నాము. ప్రసంగం సారాంశం చిన్న చిన్న వాక్యాలలో ఒక కాగితం మీద శనివారమే ఆమెకు పంపుతున్నాను. ఇందువల్ల నాకు కలిగిన మేలు ఏమంటే, ప్రసంగం శనివారానికే పూర్తి చేయవలసి వస్తోంది. నవ్వు సంగతి ఇంకా కుదరలేదు. నేను ఏదైనా సరదా మాట చెప్పినప్పుడు ఆమె పక్కన కూర్చునే అమ్మాయి రాసి చూపించేసరికి అందరూ నవ్వి ఊరుకుంటారు. ఆమె ఒక్కరే ఆలస్యంగా నవ్వితే గుడి మళ్ళీ నవ్వుతుంది.

సండేస్కూలు పిల్లలకు సైగలు నేర్పుతానని ఆమె ఒప్పుకున్నారు. రెండవ ఆదివారం మొదటి తరగతి జరిగింది. దేవుడు, ప్రేమ, ప్రార్థన అనే మాటలు నేర్పమని నేను చీటీ రాసి ఇచ్చాను. పిల్లలు మాత్రం ముందుగా ఐస్‌క్రీముకు సైగ ఏమిటని అడిగారు. ఆమె చీటీ మడిచి పక్కన పెట్టి, అదే నేర్పారు.